గాజు తీగకు నేను వేసిన ముడి

ఆ రోజుల్లో నాకు రాని పనంటూ ఉండేది కాదు. నిజంగా అన్నీ వచ్చని కాదు, రాదని చెప్పడం ఒక్కటే చేతకాదు. డిప్లొమా కాగితం చేతికొచ్చిన కొత్తలో అందరికీ కొన్నాళ్ళు ఈ జబ్బు ఉంటుందంటారు గానీ, నాకు కాస్త ముదిరింది. ప్రింటర్ బాగుచెయ్యడం వచ్చా అంటే వచ్చనేదాన్ని. సీసీ కెమెరాలు బిగించడం వచ్చా అంటే అదీ వచ్చు. రూముకెళ్ళి ఫోన్లో వీడియోలు చూసి, మర్నాడు ఆ పని పుట్టుకతోనే వచ్చినట్టు మొహం పెట్టుకుని వెళ్ళేదాన్ని. చాలాసార్లు గట్టెక్కేదాన్ని కూడా, అదే నా కొంప ముంచింది. ముందే ఒకటి రెండుసార్లు బోర్లా పడి ఉంటే ఇప్పుడు చెప్పబోయేది జరిగేదే కాదు.

మాది చీరాల పక్కన. ఇంట్లో రెండు మగ్గాలు. నాన్న నేస్తాడు, అమ్మా నేనూ కండెలు చుట్టేవాళ్ళం. (తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో నూలు చుట్టిన చిన్న పుల్ల ఒకటి ఉంటుంది, అదే కండె.) కండె బిగువుగా చుట్టాలి. వదులుగా ఉంటే పోగు జారుతుంది, చీర పాడవుతుంది, నాన్న కోప్పడతాడు. మా ఇంట్లో వేలాడే దారం కనబడితే అంట్లు తోమకుండా వదిలేసినంత నామోషీ. నడక రాకముందే బిగించి కట్టడం నేర్చుకున్నానని అమ్మ ఇప్పటికీ చుట్టాలకి చెబుతుంది. అలాంటి ఇంట్లోంచి బాపట్ల వెళ్ళి కంప్యూటర్ల డిప్లొమా చేసి, తెనాలిలో ఉద్యోగం అన్నాను. నాన్న ఒకపట్టాన ఒప్పుకోలేదు. చివరికి మూడు నెలలు గడువిచ్చాడు. మూడు నెలల తర్వాత తానే వచ్చి యజమానిని అడుగుతానని, పిల్ల పనికొస్తుందంటే సరే, లేకపోతే ఆ రోజే రైలెక్కించి తీసుకొచ్చి మళ్ళీ కండెల ముందు కూర్చోబెడతానని ఖాయంగా చెప్పాడు.

నేను చేరింది పెళ్లి వీడియోలు తీసే స్టూడియోలో. యజమానిని ఊరంతా బాబాయ్ అనేది, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆయన భార్య పిన్ని. స్టూడియో కింద, వాళ్ళ కాపురం పైన. వీడియోలు కూర్చే ఎడిటర్‌ని మేమంతా స్లోమోషన్ అనేవాళ్ళం. పెళ్లిలో ఎవరు చెయ్యెత్తినా ఆయన వీడియోలో అది దిగడానికి అరనిమిషం పట్టేది. సూర్యలంక ఒడ్డున తీసిన ఒక జంట వీడియోలో అలల్ని ఎంత నెమ్మది చేశాడంటే, పెళ్లికూతురి తాతగారు చూసి సముద్రానికేమైంది బాబూ అని కంగారుపడ్డారు. తెనాలి, బాపట్ల, రేపల్లె, ఈ మూడు ఊళ్ళలో ముహూర్తం ఉందంటే మా కెమెరా ఉండాల్సిందే. పెళ్లిళ్ళన్నీ చిన్న చిన్న హార్డ్ డిస్కుల్లో ఉండేవి. ఒక పెళ్లిని ఒక కంప్యూటర్లోంచి ఇంకోదాన్లోకి ఎక్కించాలంటే పూటంతా పట్టేది. ఏ డిస్కులో ఎవరి పెళ్లి ఉందో వెతుక్కోవడానికి ఇంకో పూట.

ఈ బాధ పడలేక బాబాయ్ హైదరాబాద్‌లో మూతపడుతున్న ఏదో ఆఫీసు నుంచి పెద్ద పెట్టె ఒకటి కొన్నాడు. సీజన్ మొత్తం పెళ్లిళ్ళని పొట్టలో దాచుకునే స్టోరేజీ పెట్టె అది. దాంతోపాటు రెండు కార్డులూ, రెండు సన్నటి గాజు తీగలూ వచ్చాయి. కార్డు కంప్యూటర్ లోపల బిగించాలి. దాని వెనకనుంచి గాజు తీగ పెట్టెలోకి వెళ్తుంది. పెళ్లి మొత్తం వెలుగుగా మారి ఆ తీగలోంచి పరిగెత్తుకుంటూ వస్తుంది. పూట పట్టే పని కాఫీ తాగేలోపు అయిపోతుంది. మొదటి కార్డు బిగించడానికి విజయవాడ నుంచి ఒకాయన వచ్చాడు. నెమ్మదస్తుడు, ఆచితూచి మాట్లాడే మనిషి. స్లోమోషన్ కూర్చునే కంప్యూటర్లో కార్డు బిగించి, పెట్టెలో సగం దానికి వాటా వేసి, పెళ్లిళ్ళన్నీ అందులోకి ఎక్కించాడు. రెండో కంప్యూటర్ ఆరోజు ఏదో పనిలో ఉండి ఖాళీ కాలేదు. బాబాయ్ నా వైపు చూసి రెండోది నువ్వు బిగించగలవా అన్నాడు. నా సంగతి తెలిసిందేగా, వచ్చండి అన్నాను. ఆ విజయవాడ ఆయన వెళ్ళేముందు, ఒక్క పది నిమిషాలు కూర్చోమ్మా, జాగ్రత్తలు చెబుతాను అన్నాడు. అక్కర్లేదండి, కాలేజీలో చేశాం అన్నాను. (కాలేజీలో మేం చేసింది అలాంటి కార్డు బొమ్మని రికార్డులో గీసి, భాగాలకి పేర్లు రాయడం.) ఆయన నన్నొకసారి చూసి, సంచీ తీసుకుని బస్టాండుకి వెళ్ళిపోయాడు.

కొత్త పెట్టె వచ్చిన ఉత్సాహంలో బాబాయ్ పాత డిస్కులన్నీ ఖాళీ చేయించాడు. కెమెరాల్లోని కార్డులు కూడా తుడిచేసి బాపట్ల పెళ్లికి పంపేశాడు. అంటే ఆ సీజన్ పెళ్లిళ్ళన్నిటికీ పెట్టె ఒక్కటే దిక్కు. వాటిల్లో రేపల్లె పెళ్లి ఒకటి. పదహారు రోజుల పండగ ఆదివారం. ఆరోజు భోజనాలకి ముందు పెద్ద తెర మీద సినిమా వెయ్యాలి. పెళ్లికూతురి తల్లి రోజుకి రెండుసార్లు ఫోన్ చేసేది. ఆవిడ బెంగంతా ఒక్క ముక్క గురించే. ఆవిడ తమ్ముడు, అంటే పిల్ల మేనమామ, నడుం పట్టేసి ఉన్నా వినకుండా పిల్లని గంపలో కూర్చోబెట్టి మండపం దాకా మోసుకొచ్చాడట. ఆ తర్వాత వారం రోజులు మంచం దిగలేదట. ఆ ముక్క పోతే మళ్ళీ మొయ్యమనలేను బాబూ అనేది. ఉందమ్మా, బంగారంలా ఉంది అనేవాడు బాబాయ్. ఆ పండగ ఆదివారమే నాన్న పెట్టిన మూడు నెలల గడువు కూడా పూర్తవుతుంది.

గురువారం పొద్దున నేను కార్డు బిగించడానికి కూర్చున్నాను. పిన్ని పసుపూ కుంకుమా పళ్ళెంలో పెట్టుకుని దిగింది. నేను రాత్రి చూసిన వీడియోల బలంతో ఆపాను. అవి వెలుగు వెళ్ళే కన్నాలు పిన్నీ, పొడి పడితే దారి మూసుకుపోతుంది అన్నాను. పిన్ని సరేనని పెట్టె నెత్తిన మాత్రం బొట్టు పెట్టింది. కంప్యూటర్ మూత తీస్తే లోపల గుప్పెడు దుమ్ము. అది ఊడ్చి, కార్డు చేతిలోకి తీసుకున్నాను. అడుగున బంగారు రంగు పళ్ళ వరస ఉంది. బోర్డు మీద కార్డు దిగే గాడులు రకరకాల పొడవుల్లో ఉన్నాయి. మొదట పొట్టి గాడిలో పెట్టి నొక్కితే సగం బయటే ఉండిపోయింది. ఏమీ జరగనట్టు తీసి పొడుగు గాడిలో పెట్టాను. ఎంత నొక్కినా దిగదే. ఊపిరి బిగబట్టి ఇంకాస్త నొక్కితే కటక్ మంది. విరిగిందో, కూర్చుందో తెలియక కళ్ళు మూసుకున్నాను. బాబాయ్ వెనకనుంచి ఏంటమ్మా ఆ చప్పుడు అంటే, అలా రావాలండి అన్నాను. తీరా కూర్చున్నాక చూస్తే, కార్డు చివర రేకు పొట్టిది, మా కంప్యూటర్ డబ్బా పొడుగుది. మరమేకు పట్టడానికి లేదు. దారం వేసి కట్టేద్దాం అని నేను సీరియస్‌గానే ఆలోచిస్తున్నాను. ఇంతలో, కార్డు చుట్టి వచ్చిన బుడగల ప్లాస్టిక్‌ని తీరిగ్గా ఒక్కొక్కటీ చిదుముతున్న స్లోమోషన్, ఇందులో ఇంకో పొడుగు రేకు ఉందమ్మా అన్నాడు. అరగంట నుంచీ ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకునే ఉన్నాడు.

రేకు మార్చి, మర బిగించి, తీగ పెట్టి కంప్యూటర్ వేశాను. సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. పెట్టె మాత్రం పలకలేదు. ఒక్కో కార్డుకీ పదహారు అక్షరాల పేరు ఒకటి ఉంటుందని, ఆ పేరు పెట్టెలో నమోదు చేస్తేనే లోపలికి రానిస్తుందని అప్పుడు తెలిసింది. పిలవని పేరంటానికి వెళ్తే గడపలో నిలబెట్టే రకం అన్నమాట. కార్డు మీద చీమతలకాయంత అక్షరాల్ని ఫోన్‌తో ఫోటో తీసి, పెద్దది చేసి, ఒక్కో అక్షరం కొట్టాను. రెండుసార్లు తప్పు కొట్టాను. మూడోసారికి కార్డు వెనక పచ్చదీపం వెలిగింది. పెట్టెలో రెండో వాటా తెర మీద కనపడింది. నేను కుర్చీలో వెనక్కి వాలి, అంతేనండి, చిన్న పని అన్నాను. మా అమ్మాయికి రానిదేముంది అన్నాడు బాబాయ్. ఆ మాట నాన్న వింటే ఎంత బాగుండునో అనుకున్నాను. 

ఇక్కడితో ఆగి ఉంటే నేను ఆ ఆదివారం దర్జాగా తలెత్తుకుని ఉండేదాన్ని. కంప్యూటర్లు ఆపి అందరూ పైకి భోజనానికి వెళ్ళారు. నేను అన్నం డబ్బా తెచ్చుకునేదాన్ని, కిందే తిన్నాను. అమ్మ పంపిన ఆవకాయ జాడీ స్టూడియో అల్మరాలోనే ఉండేది. జాడీ మూతికి గుడ్డ వేసి మగ్గం నూలుతో కట్టి ఉండేది. అప్పుడు మా మగ్గం మీద నడుస్తున్న నెమలికంఠం రంగు నూలు. ఆ నూలు విప్పి, అన్నం తిని, చెయ్యి కడుక్కుని తిరిగి చూద్దును కదా, టేబుల్ వెనక రెండు గాజు తీగలూ చెరో బారెడు పొడుగు మిగిలి, పెద్ద పెద్ద చుట్టలుగా నేలమీద వేలాడుతున్నాయి. విజయవాడ ఆయన వెళ్ళేముందే రెండూ పరిచి అలా వదిలేశాడు. చూసి ఆయన పనితనం మీద నాకు జాలేసింది. ఇంత పని తెలిసిన మనిషికి దారం చుట్టడం తెలీదా పాపం అనుకున్నాను. రెండు స్కెచ్ పెన్నులు తీసుకుని, తీగలు ఊడదీసి, ఒక్కోదాని చుట్టూ ఒక్కో తీగని కండె చుట్టినట్టు చుట్టాను. ఎంత బిగువుగా చుట్టానంటే మధ్యలో గోరు దూరదు. పైన ఆ నెమలికంఠం నూలు రెండు పేటలు వేసి, మా ఇంట్లో తెగిన పోగు అతికే ముడి ఉంటుంది, లాగేకొద్దీ బిగిసేది, ఆ ముడి వేశాను. మళ్ళీ తీగలు గుచ్చి, కాస్త దూరం జరిగి నిలబడి చూసుకుని మురిసిపోయాను. నాన్న వచ్చినప్పుడు చూపించాలనుకున్నాను కూడా.

భోజనాలయ్యాక కంప్యూటర్లు వేస్తే రెండు కార్డులకీ పచ్చదీపాలు లేవు. నారింజ రంగులో టపటప కొట్టుకుంటున్నాయి. కొత్త కంప్యూటర్లోనే కాదు, పొద్దుటిదాకా పనిచేసిన స్లోమోషన్ కంప్యూటర్లోనూ పెళ్లిళ్ళు లేవు. సీజన్ మొత్తం మాయం. బాబాయ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను వెంటనే తప్పు కార్డుదే అనేశాను. నా బుర్ర ఎలా పనిచేసిందో చెప్పాలి. నేను తాకింది కార్డుని, కాబట్టి తప్పు కార్డులో ఉండాలి. తీగల్ని తాకలేదు, అందంగా కట్టాను, అంతే. అందంగా కట్టడం కూడా తాకడమేనని మర్నాటి దాకా తట్టలేదు. కార్డు మూడుసార్లు పీకాను, మూడుసార్లు పెట్టాను. సాఫ్ట్‌వేర్ నాలుగుసార్లు ఎక్కించాను. స్లోమోషన్ తన జీవితంలో మొదటిసారి గబగబా నడిచాడు. ఇంతలో బాబాయ్ చూపు పెట్టె మీది కుంకుమ బొట్టు మీద పడింది. అందరం అటే చూశాం. పిన్ని తడిగుడ్డ తెచ్చి బొట్టు తుడుస్తూ, అన్నిటికీ నా కుంకుమే దొరికింది మీకు అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను పక్కనే నిలబడి, పొడి లోపలికి పోయుంటుందేమోనండి అన్నాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

విజయవాడ ఆయనకి ఫోన్ చేస్తే హైదరాబాద్‌లో చుట్టాల గృహప్రవేశంలో ఉన్నాడు, సోమవారం గానీ రాలేనన్నాడు. సోమవారం వస్తే ఏం లాభం? రేపల్లె నుంచి మళ్ళీ ఫోన్ వచ్చింది. బాబాయ్ బంగారంలా ఉందమ్మా అన్నాడు. ఫోన్ పెట్టేశాక, పోనీ గంప తెప్పించి మళ్ళీ తీస్తే ఆయన మోస్తాడంటావా అని స్లోమోషన్‌ని అడిగాడు. నవ్వాల్సిన మాటే. ఎవరూ నవ్వలేదు.

శుక్రవారం పొద్దున్నే బాపట్ల బండెక్కాను. నాకు చదువు చెప్పిన ల్యాబ్ సార్ అక్కడే ఉంటాడు, ఆయనకి తెలుస్తుందని ఆశ. రెండో కార్డుని బట్టలో చుట్టి, దాని తీగని పెన్నుతో సహా అలాగే రుమాల్లో కట్టి సంచిలో పెట్టుకున్నాను. సార్ కార్డుని తిప్పి చూసి, దీనికేం, బాగానే ఉందే అన్నాడు. తర్వాత రుమాలు విప్పి ఆ చుట్టని చేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఫోన్‌లో టార్చి వేసి తీగ ఒక కొసకి ఆనించి, రెండో కొస నన్ను చూడమన్నాడు. చీకటి. ఏమీ లేదు. లోపల గాజమ్మా ఇది, వెలుగు మలుపు తిరగాలంటే దానికి చోటుండాలి, ఇంత బిగిస్తే బయటికి జారిపోతుంది, గట్టిగా వంచితే గాజు పగులుతుంది కూడా అన్నాడు. ముడి విప్పబోయి వేళ్ళు వాసన చూసుకున్నాడు.

“ఈ దారం ఆవకాయ వాసనొస్తోందేంటమ్మా? ఎవరు కట్టారు దీన్ని?”

“ఎవరో కట్టారండి,” అన్నాను.

ముడి ఆయనకి రాలేదు, నేనే విప్పాను. (ఎవరో కట్టిన ముడిని నేను క్షణంలో విప్పడం ఆయన గమనించాడో లేదో.) చుట్ట విప్పాక మళ్ళీ టార్చి పెట్టాడు. తీగలో జతగా రెండు దారులుంటాయి, ఒకటి పోవడానికి, ఒకటి రావడానికి. ఒక దారిలో తెల్లటి చుక్క మెరిసింది. రెండోది నల్లగానే ఉండిపోయింది, పగిలిపోయింది. ఈ తీగ ఇంక పనికిరాదు అన్నాడు సార్.  అచ్చం ఇలాగే, ఇంతే బిగువుగా, ఇంకో చుట్ట తెనాలిలో ఉంది. రేపల్లె పిల్లా, గంపా, మేనమామా, నా ఉద్యోగం, అన్నీ ఆ చుట్టలోనే ఉన్నాయి.

ఫోన్ చేసి స్లోమోషన్‌ని విప్పమనొచ్చు. కంగారులో గట్టిగా లాగుతాడేమోనని చెయ్యలేదని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. ఆ ముడి వేరేవాళ్ళ కంట పడకూడదని చెయ్యలేదు. తిరుగు రైల్లో గంటసేపు దేవుళ్ళందరికీ మొక్కాను. రోజూ పట్టించుకోని దేవుళ్ళని కూడా వదల్లేదు.

స్టూడియోలో అందరూ చుట్టూ మూగారు. నేను టేబుల్ కింద దూరి, మొదటి తీగ ఊడదీసి తెచ్చి, ముడి విప్పి, ఒక్కో చుట్టూ నెమ్మదిగా వదిలాను. ఆరోజు స్లోమోషన్ కూడా నాకంటే వేగంగా ఉన్నాడు. టార్చి పెట్టాను. ఒక చుక్క కనిపించింది. రెండో చుక్క కోసం కొస తిప్పి చూస్తే అదీ ఉంది, సన్నగా, చక్కగా. తీగ గుచ్చి కంప్యూటర్ వేశాం. నారింజ దీపం కాసేపు కొట్టుకుని, కొట్టుకుని, పచ్చగా మారింది. పెళ్లిళ్ళన్నీ వరసగా తెర మీదికొచ్చాయి. స్లోమోషన్ రేపల్లె పెళ్లి తెరిచాడు. మేనమామ గంప మోస్తూ, మొహం చిట్లించుకుని, అడుగులో అడుగేసుకుంటూ వస్తున్నాడు. పిన్ని దణ్ణం పెట్టుకుంది. నేను ఏడ్చాను.

బాబాయ్ మాత్రం ఆ నూలు ముక్క అందుకున్నాడు. ఆయనా వాసన చూశాడు. ఇలా పిండేసినట్టు కట్టింది ఆ విజయవాడ ఆయనేనా, ఆవకాయ తిన్న చేత్తో కట్టినట్టున్నాడు అన్నాడు. నేను అబద్ధమాడలేదు. ఊఁ అన్నాను, అంతే. ఆ ఊఁ ఎంత దూరం పోతుందో నాకు తెలియదు. నూలు ముక్కకి మళ్ళీ ముడేయించి (నాతోనే వేయించాడు, ఎలా ఉందో అచ్చం అలాగే వెయ్యమ్మా, ఆయన వచ్చాక చూపించాలి అన్నాడు) చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి స్టూడియోకి ఎవరొచ్చినా జేబులోంచి ఆ ముడి తీసి, ఆ పెద్దమనిషి చేసిన నిర్వాకమూ, దాన్ని బాపట్ల దాకా వెళ్ళి కనిపెట్టుకొచ్చిన మా అమ్మాయి తెలివీ చెప్పడం మొదలెట్టాడు. నాకు మెచ్చుకోలు మింగుడుపడక, కక్కలేక, రెండు రోజులు అన్నం సయించలేదు.

ఆదివారం పొద్దున్నే నాన్న దిగాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, చేతిలో ఖాళీ సంచీ. నా బట్టలు సర్దుకోవడానికే తెచ్చాడనుకున్నాను. బాబాయ్ ఆయన్ని కూర్చోనివ్వలేదు, రేపల్లె వెళ్దాం రండి అన్నయ్యా, మీ అమ్మాయి నిలబెట్టిన పెళ్లి చూద్దురుగాని అని కార్లో ఎక్కించాడు. హాల్లో తెర మీద సినిమా వేశారు. గంప ముక్క వచ్చేసరికి స్లోమోషన్ దాన్ని ఎంత సాగదీశాడంటే, ముందు వరసలో కూర్చున్న మేనమామ చూస్తూ చూస్తూ నడుం పట్టుకున్నాడు. పెళ్లికూతురి తల్లి కొంగు నోట్లో కుక్కుకుని వలవలా ఏడ్చింది. ఆ తర్వాత బాబాయ్ దగ్గరికొచ్చి చేతులు పట్టుకుంది. ఆయన నా వైపు చూపించాడు. ఆవిడ నా తల నిమిరింది. నేను నేల చూస్తూ నిలబడ్డాను.

భోజనాల్లో బాబాయ్, నాన్న, నేను పక్కపక్కన కూర్చున్నాం. పులిహోర వడ్డించాక బాబాయ్ ఎడమచేత్తో జేబులోంచి ఆ నూలు తీసి నాన్న ముందు పెట్టి, కథ మొదలెట్టాడు. నాన్న తినడం ఆపి దాన్ని చూశాడు. నూలు రంగు చూశాడు. ముడి చూశాడు. రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ నూలు మీదే బతికే మనిషి. నేను విస్తట్లో మెతుకులు లెక్కపెడుతున్నాను. బాబాయ్ అంతా చెప్పి, ఎలా కట్టాడో చూడండన్నయ్యా అన్నాడు.

“చక్కగా కట్టాడండి,” అన్నాడు నాన్న. “ఆ విజయవాడ ఆయనది చీరాల వైపా ఏంటి?”

 నన్ను చూడను కూడా లేదు. మళ్ళీ పులిహోర కలుపుకోవడం మొదలెట్టాడు. తిట్టినా, కొట్టినా ఓర్చుకునేదాన్నేమో. అలా నన్ను నాకే వదిలేసి అన్నం తినడం భరించలేకపోయాను. ఆ ముడి నేనే వేశాను బాబాయ్ గారూ అన్నాను. బాబాయ్ చేతిలో లడ్డూ సగం దూరంలో ఆగిపోయింది. ఆపకుండా మొత్తం చెప్పేశాను. స్కెచ్ పెన్నులు, ఆవకాయ, పిన్ని కుంకుమ మీద నేను వేసిన నింద, ఊఁ కొట్టడం. బాబాయ్ లడ్డూ విస్తట్లో పెట్టేసి, లేచి చెయ్యి కడుక్కుని, ఫోన్ తీసి ఒక నంబరు కలిపి నా చేతికిచ్చాడు. అవతల విజయవాడ ఆయన. ఆయనకీ ఓ మారు ఫోన్ చేసి బాబాయ్ గట్టిగానే చీవాట్లు పెట్టాడని అప్పుడు తెలిసింది. పండగ భోజనాల గోలలో, చెయ్యి కూడా కడుక్కోకుండా ఆయనకి క్షమాపణ చెప్పుకున్నాను. ఆయన నేను చెప్పడం అయ్యేదాకా విన్నాడు.

“ఆరోజు నేను చెబుదామనుకున్నది అదేనమ్మా, తీగ వంచొద్దని. వచ్చన్నావు కదా అని ఊరుకున్నాను,” అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

ఫోన్ తిరిగిచ్చాక బాబాయ్ నాన్నని అడిగాడు, ఏంటన్నయ్యా, మీ అమ్మాయిని తీసుకెళ్తారా అని. మీరు వద్దంటే తీసుకెళ్తానండి అన్నాడు నాన్న. నేను ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాను. బాబాయ్, పగిలినదాని బదులు కొత్త తీగ బుధవారం వస్తోంది, దాన్ని ఎవరు పెడతారండీ మరి, స్లోమోషన్‌కి చెబితే వచ్చే సీజన్‌కి పెడతాడు అన్నాడు. వెళ్ళేముందు మీ పిన్నికి మాత్రం నువ్వే చెప్పుకో, నా వల్ల కాదు అని నాతో అన్నాడు. (పిన్నికి చెప్పాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు కాఫీ ఇచ్చింది, చక్కెర వెయ్యకుండా.)

సాయంత్రం నాన్నని తెనాలి స్టేషన్‌లో చీరాల బండెక్కించడానికి వెళ్ళాను. బండి ఆలస్యం. బెంచీ మీద పక్కన కూర్చుని, ఖాళీ సంచీ మడిచి ఒళ్ళో పెట్టుకుని, గాజులోంచి వెలుగు ఎలా పోతుందే అని అడిగాడు. బిగిస్తే ఎందుకాగిపోతుంది, వదులుగా ఉంటే ఎందుకు సాగిపోతుంది, నూలుకి అలా లేదే అన్నాడు. బండి వచ్చేదాకా చెప్పాను. వెలుగు లోపలి గోడలకి కొట్టుకుంటూ పోవడం, మలుపుల దగ్గర జారిపోవడం, ఒక్క తీగలో లక్ష పెళ్లిళ్ళు పట్టడం, అన్నీ చెప్పాను. అందులో సగం ఆ బెంచీ మీద కూర్చునే కల్పించాను. మధ్యాహ్నం లోకమంతా వినేలా తప్పు ఒప్పుకున్న పిల్ల, సాయంత్రానికి మళ్ళీ తెలియనిది తెలిసినట్టే చెబుతోంది. నాన్న ప్రతిదానికీ తలూపాడు. ఎక్కడ నేను కల్పిస్తున్నానో అక్కడ ఇంకాస్త ఎక్కువ ఊపాడని ఇన్నేళ్ళ తర్వాత అనిపిస్తుంది. బండి కదిలాక కిటికీలోంచి, ఆ రెండోది వెలిగాక ఫోన్ చెయ్యి, అమ్మకి చెప్పాలి అన్నాడు. అది బుధవారం కాదు, మరో తొమ్మిది రోజులకి గానీ వెలగలేదు. అన్ని రోజులూ సాయంత్రం అవగానే ఫోన్ చేసేవాడు, వెలిగిందా అని. రేపు వెలుగుతుంది నాన్నా, అంతా నాకు తెలుసు అనేదాన్ని.